తెల్లగుడ్డకి ఫిల్టరెందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

అమ్మమ్మల కాలం నాటి తెల్ల ఎంబ్రాయిడరీ టేబుల్ క్లాత్‌లు, దిండు గలీబులు, లేసు రుమాళ్లు ఆన్‌లైన్‌లో అమ్మి ఇంటి దగ్గరే నాలుగు రాళ్లు సంపాదించుకోవచ్చని మీ మహిళల పేజీలో వేసిన వ్యాసం చదివాను. ఆలోచన మంచిదే, దానితో నాకు పేచీ లేదు. నా పేచీ అంతా ఫొటోలు ఎలా తియ్యాలో చెప్పిన ఆ చిన్న పేరాతోనే. తెల్ల దుప్పటి మీద పరచండి, గదిలో లైట్లన్నీ వెయ్యండి, ఫ్లాష్ కొట్టండి, ఆ పైన ఫిల్టరు పెట్టి పాలలా తెల్లగా చెయ్యండి అని రాశారు. పక్కన ఒక ఫొటో కూడా వేశారు. అందులో ఏముందో మా ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. మా ఆవిడైతే అక్కడ ఏదో ప్రకటన పడాల్సింది, వెయ్యడం మర్చిపోయుంటారు అంది.

నేను ఒడిశాలోని బరంపురంలో ఫొటో స్టూడియో నడుపుతున్నాను, రీలు కెమెరాల కాలం నుంచీ ఇదే పని. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు సైజులు, కొన్నేళ్లుగా పట్టుచీరల ఫొటోలు. మా ఊరు పట్టుకి పేరుపడ్డ ఊరు, దేవాంగుల మగ్గాల మీద నేసే బరంపురం పట్టుకి జీఐ, అంటే ఫలానా ఊరి సరుకన్న భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, దుకాణాల వాళ్లు ఉదయం షట్టరు ఎత్తగానే ముందు వాట్సాప్‌లో చీరల ఫొటోలు పంపి ఆ తర్వాతే అగరొత్తి వెలిగిస్తున్నారు. కాబట్టి ఫొటో చూపించి గుడ్డ అమ్మడం మాకేం కొత్త కాదు. చిక్కెక్కడంటే, పట్టు తీసిన అలవాటుతో తెల్లగుడ్డ తీస్తే పని జరగదు. పట్టుకి రంగుంది, మెరుపుంది, అంచుంది, ఎంత అన్యాయంగా తీసినా ఎంతో కొంత పలుకుతుంది. తెల్లగుడ్డ మీద తెల్లదారంతో కుట్టిన పువ్వుకి రంగులో తేడా అనేదే లేదు. అది మన కంటికి కనబడుతున్నదంటే నీడ వల్లే. కుట్టు గుడ్డ కన్నా కాస్త ఎత్తుగా ఉంటుంది, దానికి ఒక పక్క వెలుగు పడుతుంది, రెండో పక్క వెంట్రుకవాసి నీడ నిలబడుతుంది. ఆ నీడ పోతే పువ్వు లేదు. మీరు రాసిన పద్ధతంతా ఆ నీడని తుడిచెయ్యడానికే పనికొస్తుంది.

ఈ గుడ్డలు మా వైపు ఇళ్లల్లో ఇంకా బోలెడున్నాయి. ఒకప్పుడు క్రైస్తవ మిషనరీల బళ్లలో ఆడపిల్లలకి చదువుతో పాటు కుట్టుపని నేర్పేవారు, అక్కడ నేర్చుకున్నవాళ్లు ఇంటికొచ్చి చెల్లెళ్లకీ పక్కింటి పిల్లలకీ నేర్పారు, తెలుగిల్లా ఒడియా ఇల్లా అన్న తేడా లేదు. లాంగ్‌క్లాత్ అనే తెల్ల నూలుగుడ్డ ముక్క కొనుక్కుని, పెళ్లికి ముందు ఏడాదంతా కూర్చుని దిండు గలీబుల మీద నెమళ్లూ, పూలబుట్టలూ, ఇంగ్లీషులో గుడ్‌నైట్ అనీ కుట్టుకునేవారు. రేడియో మీదొకటి, టీపాయ్ మీదొకటి, ట్రేలో ఒకటి. గోదావరి జిల్లాల నుంచి మా వైపు కోడళ్లుగా వచ్చినవాళ్లు నరసాపురం వైపు క్రోషియా లేసు పెట్టెల్లో పెట్టుకొచ్చారు. అదంతా ఇప్పుడు ట్రంకుల్లో అడుగున ఉంది. పిల్లలు బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నారు, టీపాయ్ మీద గుడ్డ వేసే ఓపిక వాళ్లకి లేదు. అమ్ముకుంటే తప్పేముంది, కొనుక్కున్నవాళ్లయినా వాడుకుంటారు.

సంగతేమిటంటే ఈ మధ్య ఇలాంటి గుడ్డలు పట్టుకుని నా స్టూడియోకి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక మామ్మగారు మనవరాలిని వెంటబెట్టుకొచ్చారు. చేతిలో ట్రే క్లాత్, నాలుగు మూలలా ద్రాక్షగుత్తులు. ముందు లావు దారంతో లోపల నింపి, దాని మీద అడ్డంగా శాటిన్ కుట్టు వేశారు, ఒక్కో పండూ గుండ్రంగా ఉబ్బి వేలికి తగులుతోంది. ఆకుల ఈనెలు మాత్రం సన్నటి కాడకుట్టు. అంచంతా చిన్న చిన్న వంపులు, ప్రతి వంపుకీ కాజా కుట్టు, ఎక్కడా దారం తెగిన గుర్తు లేదు. మనవరాలు ఫోన్లో తీసిన ఫొటో చూపించింది. తెల్లని నలుచదరం, అంతే. మామ్మగారు ఫోను దగ్గరకి లాక్కుని చూసి, "ఏటి బాబూ, నా ద్రాచ్చగుత్తులేటైపోనాయి?" అన్నారు. ఆ పిల్ల తప్పేమీ లేదు, మీ వ్యాసంలో చెప్పినట్టే తీసింది.

అసలు కెమెరా ఏం చేస్తుందో రెండు ముక్కల్లో చెబుతాను, ఎందుకంటే ఇది తెలియకుండా ఎన్ని చిట్కాలు చెప్పినా దండగ. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకి తను చూస్తున్నది తెల్లగుడ్డో, బొగ్గుల బస్తానో తెలియదు. ఎదురుగా ఉన్నది ఏదైనా సరే సగటున మధ్యరకం బూడిద రంగు అనుకుని దానికి తగ్గట్టు వెలుగు సర్దుతుంది. ఆ బూడిద రంగు తన మీద పడ్డ వెలుగులో సుమారు 18 శాతం వెనక్కి పంపుతుందని మేం నేర్చుకున్నాం. తెల్లగుడ్డ అంతకు నాలుగు రెట్ల పైనే పంపుతుంది. దాంతో ఫ్రేము నిండా తెల్లగుడ్డే ఉంటే కెమెరా ఇదేదో మరీ వెలుగుగా ఉందే అని తగ్గించేస్తుంది, గుడ్డ మాసిన ధోవతి రంగులోకి దిగిపోతుంది. తెల్ల దుప్పటి మీద తెల్లగుడ్డ పరిస్తే సరిగ్గా ఇదే జరుగుతుంది. అప్పుడు చూసినవాళ్లు అయ్యో నల్లబడిందని బ్రైట్‌నెస్ చివరిదాకా లాగేస్తారు, గుడ్డ తెల్లబడుతుంది, కుట్టు ఎగిరిపోతుంది.

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. ఎవరో చెప్పారని నల్లటి గుడ్డ వెనక వేసి తీసేవాళ్లకి సరిగ్గా ఎదురు జరుగుతుంది. ఫ్రేములో ఎక్కువ భాగం నలుపే కాబట్టి కెమెరా అబ్బో చీకటి అనుకుని వెలుగు పెంచేస్తుంది, మధ్యలో ఉన్న చిన్న తెల్ల లేసు గుడ్డ మండిపోయినట్టు వస్తుంది. కాబట్టి తెలుపు మీద తీస్తే వెలుగు కొంచెం పెంచాలి, నలుపు మీద తీస్తే కొంచెం తగ్గించాలి. చాలా ఫోన్లలో తెర మీద గుడ్డ ఉన్నచోట వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచితే ఫోకసూ వెలుగూ అక్కడ లాక్ అవుతాయి, పక్కనే చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది, దాన్ని పైకో కిందికో జరపాలి. పువ్వు రేకుల మధ్య గీత కనబడుతున్నంత వరకే జరపండి. డిజిటల్ ఫొటోలో వెలుగు సున్నా నుంచి 255 దాకా ఉంటుంది, 255 దగ్గర గుడ్డ కూర్చుందంటే అక్కడ ఇక ఏ వివరమూ లేదు, తర్వాత ఏ యాప్‌తో లాగినా రాదు. 240 దరిదాపుల్లో ఉంటే కంటికి తెల్లగానే కనబడుతుంది, నీడలూ బతుకుతాయి. కొంచెం తక్కువ వెలుగుతో తీసిన ఫొటోని తర్వాత పెంచుకోవచ్చు, మండిపోయినదాన్ని మాత్రం బాగుచెయ్యలేం.

ఇక వెలుగు ఎటునుంచి రావాలన్నది. ఫ్లాష్ ఎందుకు వద్దంటే అది లెన్సు పక్కనుంచే తిన్నగా వెళ్లి గుడ్డకి తగులుతుంది, నీడలన్నీ కుట్టు వెనక్కి పోయి దాక్కుంటాయి. గోపాలపురం బీచికి మిట్టమధ్యాహ్నం వెళితే ఇసుక అంతా చదునుగా ఉంటుంది, అదే ఇసుక మీద సాయంత్రం ఏటవాలు ఎండ పడినప్పుడు ప్రతి కాలిముద్రా కనబడుతుంది, కుట్టుపనీ అంతే. వెలుగు ఒక పక్క నుంచి, గుడ్డ మీదుగా పాకుతున్నట్టు రావాలి. కిటికీ పక్కన నేల మీదో బల్ల మీదో గుడ్డ పరిచి, కిటికీ ఎడమ చేతి వైపు ఉండేలా నిలబడి, పైనుంచి తిన్నగా తియ్యండి. తర్వాత గుడ్డని పావు వంతు తిప్పి మళ్లీ చూడండి. శాటిన్ కుట్టు దారాలు ఒక దిక్కుకే పడుకుని ఉంటాయి కాబట్టి ఒక వైపు నుంచి వెలుగు పడితే మెరుస్తాయి, ఇంకో వైపు నుంచి పడితే చచ్చుబడతాయి. ఈ తేడా చూశాక ఫ్లాష్ జోలికి ఎవరూ వెళ్లరు. వెలుగు మరీ ఏటవాలైతే గుడ్డ మీద ముడతలన్నీ కొండలై కూర్చుంటాయి, అప్పుడు గుడ్డని కాస్త కిటికీ దగ్గరికి జరపడమే.

ఉత్తరం కిటికీ మంచిదని ప్రతి పుస్తకంలోనూ రాసి ఉంటుంది, ఆ వైపు ఎండ నేరుగా పడదని. అది చలిదేశాల వాళ్ల లెక్క. మా బరంపురం 19 డిగ్రీల అక్షాంశం దాటి కాస్త పైనుంది, మే నడిమి నుంచి జూలై చివరి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మాకు ఉత్తరం వైపే ఉంటాడు, ఆ రోజుల్లో ఉదయం, సాయంత్రం ఉత్తరం కిటికీలోకి కూడా ఎండ దూరుతుంది. అందుకని కిటికీ ఏ దిక్కన్నది పట్టించుకోకండి, ఎండ నేరుగా పడని కిటికీ ఏదైతే అదే వాడండి. ఎండ పడుతుంటే పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టండి. మబ్బు పట్టిన రోజు అన్నిటికన్నా హాయి, వానాకాలంలో పెళ్లి ఆర్డర్లు లేక ఈగలు తోలుకునే రోజుల్లో నేను ఇలాంటి గుడ్డలే తీస్తాను.

గదిలో లైట్లన్నీ వెయ్యమన్నారు చూడండి, ఆ మాటకి నాకు నిజంగా కోపం వచ్చింది. వెలుగు రంగుని కెల్విన్‌లలో కొలుస్తారు, పగటి వెలుగు 5500 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది, పాతకాలం బల్బు 2700 దగ్గర పసుపుగా ఉంటుంది, ఎల్ఈడీల్లో అన్ని రకాలూ ఉన్నాయి. రంగు చీరకి ఈ కలగాపులగం అంతగా తెలియదు. తెల్లగుడ్డ దొరికిన ప్రతి రంగునీ పట్టేస్తుంది, కిటికీ వైపు సగం నీలి, బల్బు వైపు సగం పసుపు. ఏ ఒక్క రంగు సరిచేసినా రెండోది ఇంకా పాడవుతుంది. పగలు తీస్తే లైట్లన్నీ ఆపెయ్యాలి, అంతే.

గోడల సంగతి ఎవరూ రాయరు. మా వైపు ఇళ్లల్లో చిలకపచ్చ, గులాబీ, ఆకాశనీలం గోడలు ఎక్కువ. చిలకపచ్చ గోడ పక్కన తెల్లగుడ్డ పరిస్తే గుడ్డ అంచున లేత పచ్చదనం వస్తుంది, కొనేవాళ్లు అది బూజో, రంగు దిగిందో అనుకుంటారు. గోడకి ఒక తెల్లటి దుప్పటి వేలాడదీస్తే సరిపోతుంది. వేసుకున్న చొక్కా కూడా చూసుకోండి, ఎర్రచొక్కాతో గుడ్డ మీదకి వంగి తీస్తే ఆ ఎరుపు గుడ్డకి అంటుతుంది.

వెనకాల ఏ రంగు వెయ్యాలన్నది గుడ్డని బట్టి ఉంటుంది. గుడ్డ కోసి చిల్లులు చేసే కట్‌వర్క్, క్రోషియా లేసు, దారాలు లాగి జాలీ చేసిన పని, వీటి అందమంతా చిల్లుల్లో ఉంది. చిల్లు చిల్లులా కనబడాలంటే వెనక ముదురు రంగు ఉండాలి. మెరవని గుడ్డ కావాలి, ముదురు నీలమో, బూడిదో, పాత జీన్స్ గుడ్డయినా సరే. వెల్వెట్ వద్దు, నూగంతా తెల్ల లేసుకి అంటుకుని ఏరుకోలేక చస్తాం. చిల్లుల్లేని గలీబులకి అంత ముదురు అక్కర్లేదు, లేత బూడిద రంగు చాలు. ఈ రోజుల్లో వెనక భాగాన్ని యాప్ పెట్టి కోసేసి తెల్లగా మార్చే అలవాటొకటి వచ్చింది. లేసు అంచున ఉన్న చిన్న చిన్న వంపుల్ని అది నమిలేస్తుంది, చిల్లుల్లో కొన్ని పూడ్చేస్తుంది. అంచు సగం తెగిన లేసులా కనబడే ఫొటోలు అన్ని సైట్లలోనూ దర్శనమిస్తున్నాయి. ఫోన్లో బ్యూటీ మోడూ, సీన్‌ని దానంతట అది మెరుగుపరిచే సెట్టింగూ ఉంటే అవి కూడా ఆపాలి. మనిషి ముఖం మీద మొటిమల్ని నునుపు చేసే బుద్ధితోనే అది దారపు ముడుల్నీ నునుపు చేస్తుంది.

పెద్ద టేబుల్ క్లాత్‌లని దగ్గరగా నిలబడి మామూలు లెన్సుతో తీస్తే అంచులు విల్లులా వంగుతాయి, నలుచదరం గుడ్డ పీపాలా వస్తుంది. దూరం జరిగి రెండింతల జూమ్‌తో తియ్యండి. దండెం మీద వేలాడదీస్తే బరువుకి సాగుతుంది కాబట్టి కర్రకి పొడుగునా క్లిప్పులు పెట్టి కట్టండి. ఇస్త్రీ చేసేటప్పుడు ఎంబ్రాయిడరీ ఉన్న వైపు కిందికి పెట్టి, అడుగున మందపాటి తువ్వాలు వేసి, వెనక నుంచి నొక్కాలి. ముందు నుంచి నొక్కితే ఉబ్బుగా ఉన్న కుట్టంతా అణిగిపోతుంది, ఇక ఏ వెలుగూ దాన్ని లేపలేదు. మెత్తబడ్డ గుడ్డకి పల్చటి గంజి పెడితే ఫొటోకి నిలబడుతుంది, ఆ గంజితోనే మళ్లీ ట్రంకులో పెట్టకండి, గంజి కోసం వెండిపురుగులు చేరతాయి. నీలిమందు, తెల్లదనం పెంచే పొడులు ఫొటోకి ముందు అసలు వద్దు. పాత గుడ్డకి దంతపు తెలుపు ఉంటుంది, దాని వయసు అందులోనే తెలుస్తుంది. మెరుపునిచ్చే రసాయనాలున్న సబ్బుపొడితో ఉతికితే పగటి వెలుగులో గుడ్డ నీలంగా వెలుగుతుంది, కొత్త గుడ్డలా కనబడుతుంది, మళ్లీ దాన్ని పాతదని నమ్మించడానికి నానా తంటాలూ.

ఇక మరకలు. మీ పద్ధతి మీద నాకున్న అసలు అభ్యంతరం ఇక్కడుంది. పాలలా తెల్లగా చేసే ఫిల్టరు ద్రాక్షగుత్తుల్ని ఎలా మింగుతుందో మరకల్నీ అలాగే మింగుతుంది. ట్రంకులో ఏళ్ల తరబడి మడిచి ఉన్న గుడ్డకి మడత గీత వెంట పసుపు చార ఉంటుంది. ఇనుప పెట్టె తాకిన చోట తుప్పు చుక్కలుంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పక్క గజపతి జిల్లాలో ఎన్నో ఇళ్లల్లో నీళ్లు దూరాయి, ఆ తడి తగిలిన ట్రంకుల్లోంచి తీసిన గుడ్డల మీద ముదురు గోధుమరంగు మచ్చలు ఇప్పటికీ పోలేదు. తుప్పు మరక పోతుందని బ్లీచింగ్ పెట్టేవాళ్లున్నారు, క్లోరిన్ బ్లీచికి తుప్పు పోదు సరికదా ఇంకా గట్టిపడుతుంది, గుడ్డ కూడా బలహీనపడుతుంది. ఉన్నదున్నట్టు ఫొటో తీసి, మరక పక్కన రూపాయి నాణెం పెట్టి చూపించండి. చిరుగుంటే వెనక చెయ్యి పెట్టి చూపించండి. మరక చూసి కూడా కొన్నవాళ్లు వెనక్కి పంపరు, ఫొటోలో చూడని మరక గుడ్డలో చూసినవాళ్లు వెనక్కి పంపడమే కాదు, నాలుగు మాటలు రాసి మరీ పంపుతారు.

ఇందులో చట్టం కూడా ఉంది, వ్యాసంలో ఆ ఊసే లేదు. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు 2020లో వచ్చాయి. వస్తువు గురించి ఇచ్చే ప్రకటన అసలు వస్తువుకి తగ్గట్టు ఉండాలని, ప్రకటించిన గుణాలు లేకపోతే వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని అందులో ఉంది. ఫొటో కూడా ప్రకటనలో భాగమే కదా. ఇంటి దగ్గర కూర్చుని నాలుగు గలీబులు అమ్ముకునే ఆవిడకి రానూ పోనూ పార్సిలు ఖర్చు నెత్తిన పడితే మిగిలేదేమిటి, టెన్షన్ తప్ప.

గుడ్డ ఏమిటన్నది కూడా ఫొటోలో తేలాలి. ప్రతి పాత తెల్లగుడ్డకీ లినెన్ అని పేరు పెట్టి అమ్మేస్తున్నారు. మా ఇళ్లల్లో ఉన్నవి చాలావరకు నూలు లాంగ్‌క్లాతే, అవిసె నారతో నేసిన అసలు లినెన్ తక్కువ. లినెన్‌లో పోగులు అక్కడక్కడా లావుగా ఉండి మళ్లీ సన్నబడతాయి, నూలు పోగు అంతకన్నా సమంగా ఉంటుంది, బాగా దగ్గరగా, పక్క వెలుగులో తీసిన ఒక్క ఫొటో ఉంటే తెలిసినవాళ్లు గుర్తు పట్టేస్తారు. నూలైతే నూలని రాస్తే నష్టమేమీ లేదు, కుట్టు బాగుంటే కొనేవాళ్లు కొంటారు. అలాగే వెనక వైపు ఫొటో తప్పకుండా పెట్టండి. చేతికుట్టులో వెనక దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి దాటిన చోట్లు, దారం కొస దూర్చి దాచిన చోట్లు కనబడతాయి. మిషను ఎంబ్రాయిడరీకి వెనకాల ఇంకో దారం ఒకే తీరుగా, విసుగు పుట్టించేంత సమంగా పరుగెడుతుంది. మామ్మగారి ట్రే క్లాత్‌కి నేను తీసిన ఫొటోల్లో వెనక వైపు తీసిందే నాకు ఎక్కువ నచ్చింది, ఆవిడ మాత్రం వెనక ఎవరు చూస్తారు బాబూ, అది పెట్టకు అని గొడవ. కొలత టేపు పక్కన పెట్టి తీసిన ఫొటో ఒకటి ఉంటే అంగుళాలా సెంటీమీటర్లా అన్న ప్రశ్నలు సగం తగ్గుతాయి.

వయసు గురించి ఒక హెచ్చరిక. మా వైపు ఏది పాతదైనా బ్రిటిషువాళ్ల కాలం నాటిదనడం అలవాటు. చేతిపనులూ పాత వస్తువులూ అమ్మే ఎట్సీ లాంటి సైట్లో వింటేజ్, అంటే పాతకాలపుది అని పెట్టుకోవడానికి 20 ఏళ్లు దాటితే చాలు, అంటే మన పెళ్లినాటి గలీబులు కూడా వచ్చేస్తాయి. గొప్పకి పోయి నూట ఇరవయ్యేళ్ల నాటిదని రాస్తే మాత్రం వేరే చిక్కు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చారిత్రక, కళాత్మక విలువ ఉన్న వస్తువుకి వందేళ్లు నిండితే అది పురావస్తువు కిందికి రావచ్చు, దాన్ని మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. అనుమానం వస్తే అది పురావస్తువు కాదని పురావస్తు శాఖ నుంచి సర్టిఫికెట్టు తేవాల్సి ఉంటుంది. విదేశాలకి పంపే పార్సిలు మీద నోటికొచ్చిన వయసు రాసి, కస్టమ్స్‌వాళ్లు ఆపితే అప్పుడు లబోదిబోమని లాభం లేదు. అమ్మ కుట్టిందని తెలిస్తే అమ్మ కుట్టిందని రాయండి, ఎప్పుడు కుట్టిందో ఆవిడనో పెద్దమ్మనో అడిగి రాయండి.

ఇంత రాశాక ఒక మాట. దీనికి స్టూడియోకి వెళ్లాల్సిన పనేం లేదు. నా దుకాణానికే నష్టం కలిగే మాట చెబుతున్నానని మా అబ్బాయి నవ్వుతున్నాడు కానీ, ఈ గుడ్డ ఒక్కోటి అమ్మితే వచ్చే డబ్బులో ఫొటోగ్రాఫరుకి వాటా ఇవ్వడం నాకు న్యాయంగా అనిపించదు. చేతిలో ఉన్న ఫోను, ఒక కిటికీ, ఒక ముదురు గుడ్డ, కాస్త ఓపిక ఉంటే చాలు. మామ్మగారి మనవరాలు ఇప్పుడు తనే తీసుకుంటోంది, మేడ మెట్ల కింద చిన్న కిటికీ ఉందట వాళ్లింట్లో, అక్కడ వెలుగు బాగా వస్తుందట.

పత్రికవాళ్లుగా మీరు చెయ్యాల్సింది ఒకటుంది. న్యూస్‌ప్రింట్ మీద లేత బూడిద చుక్కలు నిలబడవు, మరీ సన్నటి చుక్క ప్రింటులో రాలిపోయి అక్కడ ఉత్త కాగితం మిగులుతుంది. తెర మీద బాగానే కనబడిన తెల్లగుడ్డ పేపరులోకొచ్చేసరికి మాయమైంది అందుకే. ఇలాంటి ఫొటోని మామూలు కన్నా ఒక పిసరు ముదురుగా పంపాలి. ఈ ఉత్తరంతో పాటు మామ్మగారి అనుమతితో ఆ ట్రే క్లాత్ ఫొటోలు రెండు పంపుతున్నాను, ఒకటి మీ వ్యాసంలో చెప్పినట్టు ఫ్లాష్‌తో తీసింది, ఇంకోటి కిటికీ పక్కన తీసింది. మహిళల పేజీలో రెండూ పక్కపక్కన వెయ్యండి. రెండోదాన్ని ప్రింటుకి తగ్గట్టు నేనే ముదురు చేసి పెట్టాను, మీ డెస్కులో ఎవరైనా చూసి ఇదేంటి ఇలా మాసిపోయినట్టుందని బ్రైట్‌నెస్ పెంచకుండా కాస్త చెప్పి ఉంచండి.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా